నిరుద్ధప్రకశము - ముందుచర్మపు బిగువు చరిత్ర

పసిబిడ్డకు నీళ్లు పోయుట మన యిండ్లలో నొక విద్య. పీటమీద కాళ్లు చాచి కూర్చున్న ముసలమ్మ బిడ్డను తన కాళ్లపై పరుండబెట్టుకొని, నూనెతో నొడలు మర్దించి, నలుగుపిండి రాచి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టునప్పుడు చూచినవారికి ఆ చేతుల నేర్పు ఆశ్చర్యము కలిగింపక మానదు. ఆ విద్యలో మంచి చాల కలదు. ముక్కు నొక్కి నిటారు చేయుట, తల నొత్తి గుండ్రముగా చేయుట మొదలగునవి మాత్రము పనికిరానివి. అయినను వానివలన హాని తక్కువ. మగబిడ్డల విషయమున నింకొక్క పని కలదు. ప్రతిదినమును ఒక నూనెచుక్క వేసి, పురుషాంగపు కొనను కప్పియున్న చర్మమును వెనుకకు లాగుదురు. లాగకున్న నది మూసికొని పోవుననియు, పెద్దవాడైన పిదప వానికి చిక్కు వచ్చుననియు పెద్దల నమ్మకము.

మా యింట నిట్లు లాగుటవలన మూడు నెలల పసివాడొకడు పొద్దంతయు నేడ్చెను. వెనుకకు పోయిన చర్మము మరల ముందునకు రాక, ఉంగరమువలె బిగిసికొని, కొన వాచిపోయెను. వైద్యుడు వాపును నెమ్మదిగా నొత్తి తగ్గించి, చర్మమును దాని చోటికి దెచ్చి, "అమ్మగారూ, ఇది తనంత తాను విడివడునది. మీరు లాగ నక్కఱలేదు" అనెను. మా ముసలమ్మ యూరకుండలేదు. "మా యత్తగారు ఇంటిలోని మగబిడ్డలందఱకు నిట్లే చేసినది నాయనా, ఎవరికేమైనది?" అని యడిగెను. వైద్యుడు నవ్వి వెడలిపోయెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవాడను నేనైతిని. దానికై పుస్తకములు తిరుగవేయగా, ఇంత చిన్న చర్మమును గూర్చి గొప్ప గొప్ప వైద్యులు సయితము నూఱేండ్లకు మించి పొరబడిరనియు, ఆ పొరబాటున కొందఱు బిడ్డలు ప్రాణములు గోల్పోయిరనియు తెలిసినది. ఇట్టి విషయము గృహస్థులు చదువు పత్రికలో తగునా యని కొందఱు శంకింపవచ్చును. బిడ్డకు నీళ్లు పోయు చేతికి తెలియవలసిన సంగతిని పత్రికలో చెప్పుట తప్పుకాదని నా యభిప్రాయము.

మొదట మన సుశ్రుతుని మాట చూతము. సుశ్రుతసంహితలోని నిదానస్థానమున క్షుద్రరోగములను చెప్పు అధ్యాయము కలదు. అందు ఈ చర్మమునకు సంబంధించిన వ్యాధులు మూడు వర్ణింపబడినవి. పురుషాంగపు కొనకు ఆయన మణి యని పేరిడినాడు. చర్మము మణిని బిగించి కప్పి మూత్రమార్గము నడ్డగింపగా, మూత్రము నొప్పిలేకయే సన్నని ధారగా వెడలుచు, మణి బయలుపడకుండుట నిరుద్ధప్రకశము. చర్మము వెనుకకు దొరలి, మణి క్రింద ముడివలె వ్రేలాడుట పరివర్తిక. బలవంతముగా నెత్తుటచేత గాని, చేతి తాకుడుచేత గాని చర్మము చినుగుట అవపాటిక. వాగ్భటుడును అష్టాంగహృదయమున వీనిని చెప్పి, మొదటిదానికి నిరుద్ధమణి యని పేరు పెట్టినాడు.

పరివర్తికకు సుశ్రుతుడు చెప్పిన కారణములు చదివినప్పుడు నాకు మా ముసలమ్మ జ్ఞప్తికి వచ్చినది. మర్దనము, మిక్కిలి యొత్తుట, దెబ్బ - ఇవియే ఆ కారణములు. మా పసివానికి వచ్చినది పరివర్తికయే. దాని చికిత్సయు నేటి వైద్యుడు చేసినదానికి దూరము కాదు. నెయ్యి పూసి, కాపడము పెట్టి, కట్టు కట్టి, మెత్తబడిన పిదప చర్మమును మెల్లగా ముందునకు దెచ్చుచు మణిని లోపలికి నొత్తవలెను. వాపు తగ్గిననే గాని చర్మము కదలదని ఆయన యెఱుగును.

నిరుద్ధప్రకశమునకు చెప్పిన చికిత్స యింకను చిత్రమైనది. రెండు వైపుల నోరుగల సన్నని గొట్టమును ఇనుముతో గాని, కొయ్యతో గాని, లక్కతో గాని చేయించి, నెయ్యి పూసి, చర్మపు రంధ్రములో నుంచవలెను. పంది, శిశుమారము మొదలగువాని క్రొవ్వుతోను, వాతహరమైన తైలముతోను తడుపుచుండవలెను. మూడేసి దినములకు మునుపటికంటె లావైన గొట్టమును మార్చుచు, మార్గమును క్రమక్రమముగా పెద్దది చేయవలెను. ఇట్లు కానిచో, సేవని యనబడు క్రింది కుట్టువంటి రేఖను తప్పించి శస్త్రముతో చీల్చి, అప్పటి గాయమునకువలె చికిత్స చేయవలెను. శస్త్రవైద్యమున నింతటి ప్రసిద్ధి కెక్కిన గ్రంథము కత్తికి రెండవ స్థానమిచ్చి, మొదటి స్థానము ఓపికకిచ్చుట గమనింపదగినది. పంది క్రొవ్వు సంగతి నేటివారికి రోతగా తోచవచ్చును గాని, బిగిసిన చర్మమును మెత్తపఱచి, దినదినము కొంచెముగా సాగదీయవలెనను మూలసూత్రమునకు మాత్రము నేటికిని ముసలితనము రాలేదు.

అయినను సుశ్రుతుడొక్కటి వేఱుపఱచి చెప్పలేదు. ఈ బిగువు పసివానికున్నచో రోగమగునా, కాదా? ఈ ప్రశ్నను అడుగకపోవుటయే తరువాతి చరిత్ర కంతటికిని మూలమైనది.

యవనులు ఈ బిగువునకు ఫైమోసిస్ అని పేరిడిరి. ఆ మాటకు మూతి కట్టుట యని యర్థము. పైరులో తిరుగు ఎద్దు మూతికి మన రైతులు చిక్కము కట్టుదురు గదా, అదే భావము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునందు సెల్సస్ అను నాతడు లాటినుభాషలో వైద్యమును గూర్చి ఎనిమిది సంపుటముల గ్రంథము వ్రాసెను. దాని యేడవ సంపుటమున ఈ రోగమునకు శస్త్రము చెప్పబడినది. చర్మపు అంచునుండి క్రిందివైపున నిలువుగా చీల్చవలెను. అప్పటికిని వదులు కానిచో మూడుమూలల తునుకను కోసి తీసివేయవలెను. సుశ్రుతుని గొట్టముల యోపిక యిందు లేదు.

తరువాతి పదునేడు పదునెనిమిది వందల యేండ్లలో చెప్పదగినది కొంచెమే. కాని ఈ వ్యాధిని గూర్చి మాటాడువారు ఫ్రాన్సు రాజగు పదునాఱవ లూయీ కథను తప్పక యెత్తుదురు కనుక, దానిని ముగించి పోవుదము. ఆయనకును ఆస్ట్రియా రాకుమార్తె మేరీ ఆంటోనెట్టునకును 1770లో వివాహమైనది. మొదటి బిడ్డ 1778 డిసెంబరులో గాని పుట్టలేదు. ఈ నడుమ ఐరోపాలోని రాయబారులు ఒకరికొకరు రహస్యపు జాబులు వ్రాసికొని, రాజు చర్మము బిగిసినదనియు, కత్తికి భయపడుచున్నాడనియు ఊహలు సాగించిరి. 1932లో స్టెఫాన్ త్స్వైగు అను ప్రసిద్ధ రచయిత ఆ రాణి చరిత్రమును వ్రాయుచు, రాజునకు శస్త్రము జరిగినట్లు వర్ణించెను. నాటినుండి లోకము దానిని సత్యముగ నమ్మినది. కాని 1776 జనవరిలో పారిసు పెద్దాసుపత్రి శస్త్రవైద్యుడు రాజును పరీక్షించి, శస్త్రముతో బనిలేదని చెప్పినట్లు రాణియే తన తల్లికి వ్రాసినది. రాజు దినచర్యపుస్తకములో గుఱ్ఱపువేటలు ఎడతెగక కనబడుచున్నవి, శస్త్రమైనవాడు గుఱ్ఱమెక్కలేడు. కనుక నా శస్త్రకథ నమ్మదగినది కాదు. ఎవరును బహిరంగముగ మాటాడని విషయమును గూర్చి వదంతి యెంత ధైర్యముగ మాటాడునో దీనివలన తెలియును.

ఇక అసలు కథకు వత్తము. అది 1870 ఫిబ్రవరిలో న్యూయార్కు నగరమున మొదలైనది. లూయిస్ సేయర్ అను వైద్యుడు ఎముకల వ్యాధులకును, వంకరలకును చికిత్స చేయుటలో అమెరికాలో నగ్రగణ్యుడు. తరువాతి కాలమున వెన్నెముక రోగులకు ప్లాస్టరుతో కవచము వేయు పద్ధతిని ప్రచారము చేసి, ఎందఱికో మేలు చేసినవాడు. మోసగాడు కాడు. జేమ్స్ మేరియన్ సిమ్స్ అను మఱియొక ప్రసిద్ధ వైద్యుడు ఆయనను ఒక యైదేండ్ల బాలుని చూడ బిలిచెను. బాలుని మోకాళ్లు వంగిపోయి, నిలువలేడు, నడువలేడు. సేయరు మొదట నరముల నీరసమని యెంచి, విద్యుత్తుతో కండరములను పరీక్షింపబోగా, బాలుని దాది యడ్డుపడి, వాని మూత్రాంగము పుండువలె నున్నది, తాకవలదని చెప్పెను. చూడగా చర్మము మిక్కిలి బిగిసి వాచియుండెను. సేయరు ఆ చర్మమును కోసివేసెను. కొలదివారములలో బాలుని కాళ్లు చక్కబడినవి, వాడు నడచెను.

ఇంతవఱకు జరిగినది ఒక బాలుని బాధ తొలగుట. వాచిన యంగము నొప్పిపెట్టుచుండగా మోకాళ్లు ముడుచుకొని పడుకొన్న పసివాడు, నొప్పి పోగానే కాళ్లు చాచియుండవచ్చును. లేదా కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు నొక్కసారి జరిగియుండవచ్చును. కాని సేయరు అంతటితో నాగలేదు. ఒకచోటి నరములకు కలిగిన రాపిడి దూరముననున్న వేఱొక యవయవమును చెఱచుననెడి సిద్ధాంతము ఆ కాలమున వైద్యులలో బలముగ నుండెను. సేయరు ఆ సిద్ధాంతముతో తన యనుభవమును ముడివైచి, అదే యేట అమెరికా వైద్యసంఘమువారి సంచికలో, బిగిసిన చర్మము పక్షవాతమునకు కారణమని ప్రకటించెను. తరువాత తుంటికీలు రోగమును, మూర్ఛను, వరిబీజమును సయితము దీని ఖాతాలోనే వ్రాసెను. 1880లో ఆయన ఆ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. పెద్దవాడు చెప్పిన మాటకు పరీక్ష తక్కువ గదా! 1891లో రెమాండినో అను కాలిఫోర్నియా వైద్యుడొకడు ఈ చర్మముమీద నొక గ్రంథమే వ్రాసి, అది మానవునకు పుట్టుశత్రువని నిర్ణయించెను.

దానివలన జరిగినదేమి? పసిబిడ్డను పరీక్షించి చర్మము వెనుకకు రాలేదని చూచిన ప్రతి వైద్యుడును ఇది ఫైమోసిస్ అని పేరు పెట్ట మొదలిడెను. పేరు పెట్టిన పిదప కత్తి తప్పదు. యూదులును, మహమ్మదీయులును చేయు సుంతీ వారి మతాచారము. దానిని గూర్చి నేనిచట మాటాడుట లేదు. నేను చెప్పుచున్నది ఆ యాచారము లేని కుటుంబములలో, రోగమను పేరుతో వైద్యులు చేసిన దానిని. ఇంగ్లండునందు, విశేషించి కలవారి యిండ్లలో, ఇది నాగరికతకు గుఱుతుగా పాటింపబడెను. 1930 ప్రాంతమున ఆ దేశపు బాలురలో ఇంచుమించు మూడవవంతు మందికి ఇది జరుగుచుండెనని తరువాతి లెక్కలు తెలుపుచున్నవి. అమెరికాలో నింకను ఎక్కువ. శుభ్రత యొక కారణము, రోగనివారణ యొక కారణము, ఇరుగుపొరుగు వారు చేయించుట వేఱొక కారణము. మన ముసలమ్మ యత్తగారిని ప్రమాణముగ జూపినట్లే వారు సేయరును జూపిరి.

ఇంతమంది వైద్యులలో నెవరును అడుగని ప్రశ్నను అడిగినవాడు డగ్లస్ గెయిర్డ్‌నర్. ఆయన కేంబ్రిడ్జిలో పిల్లల వైద్యుడు. అడిగిన ప్రశ్న చాల చిన్నది: అసలు ఆరోగ్యముగల మగబిడ్డకు ఈ చర్మము ఏ వయసున వెనుకకు వచ్చును? దీనికి సిద్ధాంతమక్కఱలేదు. చూచి లెక్కపెట్టుట చాలును. ఆయన అప్పుడే పుట్టిన 100 మంది మగశిశువులను, అయిదేండ్ల లోపలి బాలురు ఇంచుమించు 200 మందిని చూచి, తన వ్యాసమును 1949 డిసెంబరు 24వ తేది బ్రిటిషు మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను. ముందుచర్మపు గతి యని దానికి పేరు. క్రిస్మసు పండుగ ముందునాటి సంచికలో వచ్చిన ఆ కొలదిపుటల వ్యాసము ఎనుబది యేండ్ల భ్రమను కదలించినది.

ఆయన కనుగొన్నదేమన, పుట్టిన శిశువులలో నూటికి నలుగురికి మాత్రమే చర్మము పూర్తిగా వెనుకకు వచ్చును. ఆఱు నెలలకు నూటికి ఇరువదిమందికి, ఏడాదికి సగముమందికి, రెండేండ్లకు ఎనుబదిమందికి, మూడేండ్లకు తొంబదిమందికి వచ్చును. అనగా నూటికి తొంబదియాఱుగురు శిశువులకు పుట్టుకతోనే రోగమున్నదని వైద్యులు ఇంతకాలము చెప్పుచుండిరన్నమాట! కారణమును ఆయనయే విశదపఱచెను. తల్లి గర్భమున చర్మపు లోపలిపొరయు, మణిపైపొరయు వేఱువేఱుగా నుండవు. అవి యొక్కటే పొర. పుట్టిన పిదప ఆ పొరలోని కణములు అచ్చటచ్చట రాలి, సందులు పడి, ఆ సందులు ఒకదానితో నొకటి కలిసి, రెండు పొరలును క్రమముగ విడివడును. ఇది మొగ్గ విచ్చుటవంటిది. విడివడకమునుపు లాగినచో, అంటుకొనియున్న పచ్చిపొర చినుగును, నెత్తురు వచ్చును, మానినచోట మచ్చ గట్టి, నిజమైన బిగువు అప్పుడు పుట్టును. మూసికొనిపోవునని భయపడి లాగు చేతులే దానిని మూయుచున్నవి.

ఆయన వేఱొక లెక్కయు వేసెను. ఇంగ్లండు, వేల్సు దేశములలో 1942 మొదలు 1947 వఱకు ఈ శస్త్రము కారణముగ ఏటేట ఇంచుమించు 16 మంది పసివారు మరణించుచుండిరి. కొందఱు మత్తుమందు వలన, కొందఱు రక్తస్రావమువలన, కొందఱు చీము పట్టి. వారిలో పెక్కుమందికి ఆ శస్త్రమక్కఱయే లేదు. ఈ సంఖ్యను చదివి నేను కొంతసేపు పుస్తకము మూసితిని. పదియాఱు పెద్ద సంఖ్య కాదని తోచవచ్చును; ఏ రోగమును లేని బిడ్డను చేతులార నప్పగించిన తల్లికి మాత్రమట్లు తోపదు. అప్పటికి 1948 జూలైలో ఆ దేశమున ప్రభుత్వపు ఉచితవైద్యపద్ధతి మొదలైయుండెను. రోగము లేనిచో ఈ శస్త్రమునకు ప్రజాధనము వెచ్చింపరాదను నియమమును, గెయిర్డ్‌నరు వ్యాసమును కలిసి పనిచేయుటచేత, ఆ యాచారము అచ్చట త్వరలోనే సన్నగిలెను.

గెయిర్డ్‌నరు లెక్కలును తుదిమాట కాలేదు. డెన్మార్కునందు యాకబ్ ఓస్టర్ అను పాఠశాల వైద్యుడు 1,968 మంది విద్యార్థులను ఏడెనిమిదేండ్లపాటు ఏటేట పరీక్షించి, 1968లో ఫలితములు ప్రకటించెను. ఆఱేడేండ్ల బాలురలో నూటికి ఎనిమిదిమందికి బిగువు కలదు. పదునాఱు పదునేడేండ్ల వయసునకు నూటికి ఒకనికి మాత్రమే మిగిలినది. లోపల కొంతభాగము అంటుకొనియుండుట ఆఱేడేండ్లకు నూటికి 63 మందిలో కనబడి, పదునేడేండ్లు వచ్చునప్పటికి ముగ్గురిలో మాత్రము మిగిలెను. వీరిలో దాదాపు ఎవరికిని కత్తి పడలేదు. కాలమే వైద్యము చేసినది. 1996లో జపాను వైద్యులు 603 మంది బాలురను చూడగా, పదునొకండు మొదలు పదునైదేండ్ల వయసువారిలో నూటికి 63 మందికి మాత్రమే చర్మము పూర్తిగా వెనుకకు వచ్చుచుండెను. అనగా గెయిర్డ్‌నరు ఊహించినదానికంటె ప్రకృతి యింకను తీరికగా పనిచేయును. పదియేండ్ల బాలునకు చర్మము పూర్తిగా రాలేదని కంగారుపడు తండ్రులు ఈ లెక్కలను చదువవలెను.

బిడ్డ మూత్రము విడుచునప్పుడు చర్మము చిన్న బుడగవలె నుబ్బుటయు, చర్మము క్రింద తెల్లని చిన్న ముత్యములవంటివి కనబడుటయు తల్లులను మిక్కిలి భయపెట్టును. ధార చక్కగ వచ్చుచుండి, నొప్పి లేనిచో, ఆ యుబ్బు సామాన్యముగ హాని చేయదు. పొరలు విడివడుచుండుటకు గుఱుతు. ఆ తెల్లని ముత్యములు చీము కాదు, రాలిన కణముల ముద్ద. పైపై నీళ్లు పోసి కడిగిన జాలును. చర్మము తనంత తాను రాదొడగిన పిదప, స్నానపువేళ బాలుడు తానే మెల్లగ వెనుకకు తీసి, కడిగికొని, మరల ముందునకు దెచ్చుకొనవలెనని తండ్రి నేర్పవలెను. మరల ముందునకు దెచ్చుట మఱవరాదు. మఱచినచో పరివర్తిక వచ్చును. అప్పుడు రేపు చూతమని ఆగక, ఆ గంటలోనే వైద్యుని యొద్దకు పోవలెను. ఆలస్యమైనకొలది రక్తము ఆడక కొన చెడును. రోగులకు మూత్రపుగొట్టము వేసిన పిదప చర్మమును చక్కదిద్దుట మఱచినందున ఆసుపత్రులలో సయితము ఇది వచ్చుట కలదు. మంచముననున్న వృద్ధులకు పరిచర్య చేయువారు దీనిని గుర్తుంచుకొనుట మేలు.

అట్లని బిగువంతయు ప్రకృతియే యనుకొనుటయు పొరబాటే. నిజమైన రోగము కలదు. 1928లో స్ట్యూమర్ అను జర్మను వైద్యుడు, చర్మపు కొనను తెల్లబఱచి గట్టిపఱచెడు నొక వ్యాధిని వర్ణించెను. 1980లో రిక్వుడ్ మొదలగు ఇంగ్లండు శస్త్రవైద్యులు, బాలురలోని నిజమైన బిగువు పెక్కుచోట్ల ఈ వ్యాధివలననే వచ్చుచున్నదనియు, కంటితోనే దానిని గుర్తింపవచ్చుననియు చూపిరి. ఆరోగ్యమైన బాలుని చర్మమును మెల్లగ తీయబోయినచో కొన మెత్తగ విచ్చుకొనును. రోగమున్నచో కొన విచ్చుకొనదు. తెల్లని మచ్చ కట్టిన వలయము కనబడును, చీలికలు వాఱును, మూత్రపుధార సన్నగిలును. ఈ భేదము తెలిసిన పిదప శస్త్రమక్కఱగల బాలుడెవరో, అక్కఱలేని బాలుడెవరో తేలినది. మచ్చ కట్టిన రోగమునకు చర్మమును పూర్తిగా తీసివేయుటయే నేటికిని నమ్మకమైన చికిత్స.

మచ్చ లేక బిగువు మాత్రముండి బాధించుచున్నచో, 1990 తరువాత క్రొత్తదారి యేర్పడినది. బీటామెథసోన్ వంటి స్టిరాయిడు లేపనమును, నూటికి 0.05 పాళ్లు గలదానిని, బిగిసిన వలయముమీద దినమునకు రెండుమాఱులు, నాలుగు మొదలు ఎనిమిది వారములు పలుచగ పూయుచు, నొప్పి పుట్టనంతమేరకే చర్మమును మెల్లగ సాగదీయవలెను. 2014లో 12 పరీక్షలను, 1,395 మంది బాలురను కలిపి చూచిన సమీక్ష యొకటి, మందులేని లేపనముకంటె దీనివలన చాల యెక్కువమందికి చర్మము వదులైనదనియు, హాని కనబడలేదనియు తేల్చినది. పూయుట, మెత్తపఱచుట, కొంచెముకొంచెముగ సాగదీయుట - సుశ్రుతుని నెయ్యి, గొట్టములు నిచట మరల కనబడుచున్నవి గదా! అయితే ఒక హెచ్చరిక. మన యూళ్లలో స్టిరాయిడు కలిసిన దురదమందులు అంగడిలో చీటీ లేకయే చేతికి వచ్చుచున్నవి. వానిని తోచినట్లు నెలలతరబడి పూసినచో చర్మము పలుచబడి చెడును. వైద్యుడు చూచి, కాలము నిర్ణయించి యిచ్చినదియే పూయవలెను. లేపనము పనిచేయనప్పుడు చర్మమును ఉంచియే, వలయమును వదులుచేయు చిన్న శస్త్రములు కూడ కలవు.

ఇక పెద్దవారి సంగతి. పిల్లల విషయమున మనకు తొందర యెక్కువ. పెద్దవారి విషయమున సిగ్గు ఎక్కువ. నలువది యేబది యేండ్లవఱకు సుఖముగ నున్న చర్మము, ఒకనాటినుండి అంచున చీలి, దురదపెట్టి, క్రమముగ బిగియుట ప్రకృతి కాదు. దానికి తఱచుగ కారణము మధుమేహము. మూత్రములో పడు చక్కెరవలన ఒకజాతి బూజు పెరిగి, చర్మము మాటిమాటికి వాచి, మాని, మచ్చ కట్టి బిగియును. చక్కెరను మూత్రముగుండ వెడలించు క్రొత్తమందులు కొన్ని మధుమేహమునకు వాడుకలోనికి వచ్చినవి; అవి గుండెకును, మూత్రపిండములకును మేలుచేయునవియే గాని, వానిని తినువారిలో ఈ బూజు ఎక్కువగ వచ్చుటచేత, వైద్యుడు ముందే చెప్పుట మంచిది.

నేనెఱిగిన యుపాధ్యాయుడొకడు రెండేండ్లపాటు ఈ బాధను భార్యకు సయితము చెప్పక, కొబ్బరినూనె రాచుకొనుచు దాచెను. తుదకు మూత్రము కష్టమైనప్పుడు పోగా, వైద్యుడు చర్మమును చూడకమునుపే "మాష్టారూ, మీకు చక్కెర ఉన్నదా?" అని యడిగెను. లేదని ఈయన. పరీక్షింపగా నెత్తుట చక్కెర మితిమీరియున్నది. అప్పటికే కన్నులలోని సన్ననాళములు కొంత చెడియుండెను. చర్మపు బిగువు వచ్చిన తొలినాడే చూపించుకొనియుండినచో కన్నులు దక్కియుండెడివని ఆయన నాతో చెప్పినప్పుడు, ఆ గొంతులో సిగ్గు లేదు, కోపమున్నది. తనమీదనే ఆ కోపము. ఇంతకంటె కఠినమైనది మఱియొకటి కలదు. ఏండ్లతరబడి తెఱువబడని చర్మము క్రింద పుట్టు పుట్టకుఱుపు, పైకి కనబడక పెరుగును. ఈ యంగమున పుట్టు పుట్టకుఱుపునకు ముఖ్యకారణములలో చర్మపు బిగువొకటి. అది ధనికదేశములలో అరుదు. మన దేశపు పల్లెలలో అంత యరుదు కాదు. మానని పుండు, నెత్తురు, దుర్వాసన, గట్టిపడిన చోటు - వీనిలో నేది కనబడినను పెద్దవాడు ఒక్క వారము కూడ ఆగరాదు.

గడచిన చైత్రమున మా యింట మఱియొక మగబిడ్డ కలిగినాడు. మా ముసలమ్మకు చూపు తగ్గినందున నీళ్లు పోయుటకు పొరుగింటి యామె వచ్చుచున్నది. ఆమె చేయి అలవాటుచొప్పున అటు పోగానే, ముసలమ్మ కూర్చున్నచోటినుండియే "దానిని ముట్టకు తల్లీ, అది తనంత తానే వచ్చును, లాగితే పాడగును" అని కేకవేసెను. నేను సంతోషించి దగ్గఱకు పోయి చూచితిని. బిడ్డ ముక్కును మాత్రము ఆమె చెప్పి మఱీ నొత్తించుచున్నది.